కింద పెట్టిన చాకు

సాయంత్రం ఆరూ పదికి నేను ఒక పుస్తకాల పార్సిలుకు కట్టిన పురికొస కోశాను. టైము గుర్తుండటానికి కారణం ఉంది. కోసే ముందు గోడ గడియారం చూసి, నా భార్య ఏడింటికి గానీ రాదని, ఈలోగా ముప్పై పేజీలైనా చదవొచ్చని అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మేమిద్దరం కాశీకి బయల్దేరాలి. ఆమె పక్కింటివాళ్లకు తాళాలు అప్పగించి, మొక్కలకు నీళ్లు ఎప్పుడు పొయ్యాలో చెప్పడానికి వెళ్లింది. సామానంతా ఆమే సర్దింది. నాకు అప్పజెప్పిన పని ఒక్కటే, ఆ పార్సిలు జోలికి పోకుండా ఉండటం. తిరిగొచ్చాకే విప్పుతానని ఆ మధ్యాహ్నమే మాటిచ్చాను కూడా.

పురికొస కోసింది ఆమె చాకుతో. అద్దం పక్కన అరలో కనిపించింది. తీశాను, కోశాను, మడిచాను. పురికొసను ఉండ చుట్టి చెత్తబుట్టలో అడుక్కి తోశాను. పైన ఉన్న పుస్తకం తీసుకుని పార్సిలు మూత మళ్లీ మూసేశాను. చాకును, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న ఆమె చేతిసంచి బయటి అరలో పెట్టాను. ముప్పై ఏళ్లుగా అది ఉండే చోటు అదే. ఆ రోజు అద్దం పక్కకు ఎందుకు వచ్చిందని నేను ఆలోచించలేదు.

ఆ చాకు మా మావది. ఆమె నాకు మేనమామ కూతురు. పెళ్లికి ముందు బావా అని పిలిచింది, పెళ్లయ్యాకా అలాగే పిలిచింది. మావ నౌపడలో ఉప్పు వ్యాపారం చేసేవాడు. కొనడానికి వచ్చినవాళ్లకు బస్తా కుట్టు కోసి లోపలి ఉప్పు చూపించడానికి ఎప్పుడూ జేబులో ఆ మడతచాకు ఉంచుకునేవాడు. తెరిస్తే అరచేతికి మించదు. కర్రపిడి ఒకవైపు చీలితే, చీలిక మీద రాగితీగ చుట్టాడు. ఉప్పుగాలికి ఇనుము రోజులో తుప్పు పడుతుంది కాబట్టి రోజూ తుడిచి కొబ్బరినూనె రాసేవాడు. ఆయన పోయాక చాకు ఆమెకు వచ్చింది. నూనె రాసే అలవాటూ ఆమెకే వచ్చింది.

ఇంకో అలవాటు కూడా. ఉప్పూ ఇనుమూ చేతిలోంచి చేతికి ఇవ్వకూడదని మా వైపు అంటారు. ఇస్తే ఇద్దరి మధ్యా తగువు వస్తుందట. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. మావ ఈ విషయంలో పట్టుదల మనిషి. నేనొకసారి ఆయన్ని ఆట పట్టించాను: "ఉప్పు సేతికియ్యకపోతే నీ యాపారం ఎలగ సాగుతాది మావా?"

"బస్తా కింద పెడతాను, కావలసినోడు ఎత్తుకుంటాడు. మద్దిన సెయ్యెందుకురా?" అన్నాడు.

ఆమె చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. ఇలాంటివి నమ్మే మనిషి కాదు. కానీ చాకును మాత్రం నా చేతిలో ఎప్పుడూ పెట్టలేదు. అడిగితే బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకునేది. నమ్ముతున్నావా అంటే, "నమ్మడమేటి, సెయ్యి తెగదు, అంతే" అనేది. ఆమదాలవలసలో పొద్దున్న రైలెక్కితే ఆడవాళ్ల పెట్టెలో రోజూ కలిసే టీచర్లు, ఆఫీసులవాళ్లు ఓ పదిమంది ఉండేవారు. స్టేషన్లో జామకాయలు కొని, ఆమె ఒళ్లో రుమాలు పరిచి కోసేది. ఒక్కో కాయ ఎనిమిది ముక్కలు. ఎవరైనా చాకు అడిగితే సీటు మీద పెట్టేది. కొత్తగా వచ్చినవాళ్లు చెయ్యి చాపితే పాతవాళ్లు కసిరేవారట: "ఆవిడ సేతికియ్యదే, బల్ల మీంచి తీసుకో. మేస్టరమ్మతో తగువెందుకు నీకు?"

కాశీ ప్రయాణం దసరా సెలవుల్లో పెట్టుకున్నాం. విమానంలో. అప్పటికి ఆమెకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది, నేను శ్రీకాకుళంలో గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది దాటింది. ముందే రెండుసార్లు విమానం ఎక్కిన ఆమె మేనకోడలు ఫోన్లో చెప్పింది, అత్తా, చేతిసంచిలో చాకూ కత్తెరా ఉంచకు, తీసేసుకుంటారు అని. అందుకే ఆమె ఆ మధ్యాహ్నం చాకును తుడిచి, నూనె రాసి, అద్దం పక్కన పెట్టింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది అని రాస్తే అబద్ధం. ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. విన్నాను. నిలుపుకోలేదు.

మర్నాడు ఆరింటికి కారెక్కాం. తొమ్మిదిన్నర కాకుండానే విశాఖపట్నంలో విమానాశ్రయం లోపల ఉన్నాం. విమానం పదకొండున్నరకు. పెద్ద పెట్టెలు రెండూ కౌంటర్లో ఇచ్చేశాం. ఆమెకు విమానం అదే మొదటిసారి.

"కిటికీ పక్కన నేను కూకుంటాను బావా. నువ్వెలాగా పుస్తకంలో తల పెట్టీస్తావు. నీకు కిటికీ ఎందుకు?" అంది.

తనిఖీ దగ్గర ఆడవాళ్లకు వేరే వరస. ఆమె చేతిసంచి కూడా నా ట్రేలోనే పెట్టాను. నేను ముందు బయటపడ్డాను. సంచి యంత్రంలో ఆగింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. అక్కడున్న గార్డు ఉత్తరాదివాడు, చిన్నవాడు. ఎవరి బ్యాగని అడిగితే మాదేనన్నాను. చాకు ఉందా అన్నాడు. హిందీలోనూ ఆ మాట అదే కాబట్టి అర్థమైంది. "నహీ" అన్నాను, కొంచెం గట్టిగానే. అతను బయటి అర జిప్పు లాగి చాకు బయటికి తీశాడు.

అప్పుడే ఆమె తెర వెనకనుంచి వచ్చింది. చాకును చూసి, "అయ్యో, ఇది అద్దం పక్కన అరలో పెట్టేను గదా" అంది.

"నీకెన్నిసార్లు సెప్పాలి?" అన్నాను. "తీసీమని నిన్నంతా మొత్తుకున్నాను. ముప్పయ్యేళ్లు పిల్లలకి పాఠాలు సెప్పినదానివి, ఈపాటి తెల్దా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు.

నేను తీసెయ్యమని ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటలన్నీ అనేశాక, పార్సిలు సంగతి నాకు గుర్తొచ్చిందని రాసుకుంటే కొంత తేలిక. అలా జరగలేదు. గార్డు జిప్పు లాగినప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే అరిచాను.

గార్డు చాకును విప్పి చూసి, మడిచి, ఆమెకు అందించబోయాడు. బయట ఎవరికైనా ఇచ్చి రండి, లేకపోతే ఆ డబ్బాలో వెయ్యండి అన్నాడు. ఆమె చెయ్యి చాపలేదు. బల్ల వైపు చూపించింది. అతనికి అర్థం కాలేదు, మొహం కొంచెం మారింది. నేను నాకొచ్చిన హిందీలో బల్ల మీద పెట్టమన్నాను. పెట్టాడు. ఆమె తీసుకుంది.

చాకు మడత దగ్గర పురికొస పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్లతో లాగింది. వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నిన్న మజ్జాన్నం శుభ్రంగా తుడిసి పెట్టేను" అంది. తర్వాత నా వైపు చూసింది. నేను ట్రేలోంచి బెల్టు తీసి పెట్టుకుంటున్నాను.

"బావా, డ్రైవరు టిఫిను తినీసి ఎల్తానన్నాడు. ఇంకా ఇక్కడే ఉంటాడు. ఫోన్ సెయ్యి, ఇచ్చీసొద్దాం."

"టైము లేదు."

"ఇంకా గంటన్నర ఉన్నాది."

"లేదన్నాను గదా. వదిలీ."

ఆమె కదల్లేదు. చాకు ఆమె కుడిచేతిలో ఉంది. నేను దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని డబ్బాలో పడేశాను. డబ్బాలో లైటర్లు, చిన్న కత్తెర్లు, గోళ్లు తీసుకునేవి ఉన్నాయి. మా పెళ్లయ్యాక ఆ చాకు ఆమె చేతిలోంచి నా చేతిలోకి నేరుగా రావడం అదొక్కసారే.

నేనెందుకు వెనక్కి వెళ్లనన్నానో నాకు తెలుసు. వెళ్తే నడవాలి, నడుస్తూ మాట్లాడాలి, అది సంచిలోకి ఎలా వచ్చిందన్న మాట వస్తుంది. పార్సిలు విప్పిన సంగతి చెప్పాలి. అంత చిన్న సంగతి. నవ్వి ఊరుకునేది. డ్రైవరు ఆ సాయంత్రానికి చాకును మా పక్కింట్లో ఇచ్చేసేవాడు.

తగువు రాలేదు. తగువు పడి ఉంటే ఏదో ఒక మాట మీద నేను నిజం కక్కేసేవాణ్నేమో. విమానం పిలిచేదాకా గంటకు పైగా పక్కపక్కనే కూర్చున్నాం. ముందు రోజు సాయంత్రం మొదలుపెట్టిన పుస్తకం నా సంచిలోనే ఉంది. బయటికి తీస్తే పార్సిలు విప్పానని తెలిసిపోతుంది. తియ్యలేదు.

"ఏటి, పుస్తకం తెచ్చుకోలేదేటి?" అంది కాసేపటికి.

"లేదు."

"వింతే" అంది. విమానం ఎక్కాక కిటికీ పక్కన కూర్చుంది, మబ్బులు చూసింది, చూడు బావా అని నాకు చూపించింది కూడా. నేను ఆ పుస్తకాన్ని కాశీ మోసుకెళ్లి, తొమ్మిది రోజుల తర్వాత ఒక్క పేజీ చదవకుండా తిరిగి మోసుకొచ్చాను.

కాశీ వెళ్లినవాళ్లు ఒక కాయో పండో అక్కడ వదిలిపెట్టాలి. ఇంక జీవితంలో అది తినకూడదు. ఘాట్ మీద పురోహితుడు ఒక్కొక్కరినీ అడిగి సంకల్పం చెప్పించాడు. నేను పొట్లకాయ అన్నాను. మెట్లెక్కి వస్తుంటే ఆమె అడిగింది:

"ఏటొదిలీసేవు బావా?"

"పొట్లకాయ."

"అది నువ్వెప్పుడు తిన్నావు? నా వొంట మొత్తంలో రెండుసార్లు. అదీ నన్ను తిట్టుకుంటా." నవ్వింది. విమానాశ్రయం తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదలు. "దేవుణ్నే మోసం సేసీసేవు."

"నువ్వేం వదిలేవు?"

"జామకాయ."

ఆమెకు జామకాయ ఎంత ఇష్టమో ఆ రైలు పెట్టె మొత్తానికి తెలుసు. ఎందుకని అడిగాను.

"కోసుకోడానికి ఇంకేటున్నాది?" అంది. దెప్పినట్టు కాదు, అడిగితే చెప్పినట్టే అంది. మెట్ల మీద జనం తోసుకొస్తున్నారు, నేను ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తప్పించాను. అక్కడ చెప్పి ఉండొచ్చు. గది చేరేలోపు చెబుదామనుకున్నాను. గది చేరాక భోజనాల వేళయింది.

తిరిగొచ్చిన వారానికి విజయనగరం వెళ్లి ఆమెకొక పనిముట్టు కొన్నాను. పట్టుకారులా ఉంటుంది, విప్పితే లోపలనుంచి కత్తెర, రంపం, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసేది, ఒక చిన్న చాకు వస్తాయి. అంగట్లో ఉన్నవాటిలో మంచిదే కొన్నాను. ఆమె ముందు బల్ల మీద పెట్టాను, చేతికివ్వలేదు. ఒక్కొక్కటీ విప్పి చూసింది.

"బాగుంది. దీంతో ఇల్లు కట్టీగలం" అంది.

రైల్లో వాళ్లు ఊరుకుంటారా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వాళ్ల మాటలు వాళ్ల గొంతుల్లోనే నాకు చెప్పింది. "మేస్టరమ్మా, రైలు రిపేరుకొచ్చీసేవేటి?" అని ఒకావిడ. "ఎలాగా తెచ్చేవు, మా కిటికీ దిగట్లేదు, బేగి సూడు" అని ఇంకొకావిడ. ఆమె నిజంగానే లేచి కిటికీ స్క్రూ ఒకటి బిగించిందట. మిగిలిన రెండేళ్లూ ఆ పనిముట్టుతోనే వాళ్లకు జామకాయలు కోసింది. అందులో చాకు పొట్టిది, పెద్దకాయ ఒక్క కోతకు తెగదు, రెండువైపులనుంచీ కొయ్యాలి. కోసి, ముక్కలు పంచి, రుమాలు దులిపేసేది. ఆమె తినేది కాదు. నేను కాశీలో వదిలీసేను, మీరు తినండి అనేదట.

ఇంటికి రాగానే పనిముట్టు కడిగి, విప్పి ఆరబెట్టేది. నూనె రాయడం నేను చూడలేదు.

రిటైరైన ఏడాదికి ఆమెకు జబ్బు చేసింది. అది నిరుడు. దాని గురించి రాయడానికి ఇది చోటు కాదు. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో ఉంది. ఒక మధ్యాహ్నం ఆపిల్ పళ్లు కొని, కొయ్యడానికి ఆ పనిముట్టు జేబులో వేసుకుని వెళ్లాను. గుమ్మం దగ్గర కాపలామనిషి జేబు తడిమి చూశాడు.

"ఇదేటి సారూ, ఇలాంటివి లోపలికి తేకూడదు. ఇక్కడ పెట్టీండి, ఎల్లినప్పుడు పట్టుకెల్దురు గాని" అని బల్ల సొరుగు తెరిచాడు. పెట్టాను. సాయంత్రం అడిగితే తీసిచ్చాడు. ఒక్క నిమిషం పట్టలేదు.

ఆ మధ్యాహ్నం లోపలికి వెళ్లి, పళ్లు తెచ్చాను గానీ కొయ్యడానికి లేదు, గేటు దగ్గర తీసుకున్నారు అని ఆమెతో చెప్పాను. ఆమె పంకా వైపు చూస్తూనే అంది:

"ఒకటి అడుగుతాను బావా. ఆ రోజు నా సంచిలో చాకు పెట్టింది నువ్వే గదా?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నర్సు వచ్చి వెళ్లింది, ఇంకో గంట దాకా ఎవరూ రారు. ఇంతకన్నా మంచి వేళ ఎవరికీ దొరకదు.

"నాకు గుర్తులేదే" అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను చూసింది.

"సర్లే. నీకు గుర్తులేపోతే నాకేటి గుర్తుంటాది" అంది. తర్వాత, "ఆపిల్ వొద్దులే, అలమారలో బత్తాయి ఉన్నాది, అది వొలుసు" అంది. వేళ్లతో ఒలిచాను. రెండు తొనలు తింది.

ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది. అందులో తొమ్మిది రోజులు మాట్లాడే స్థితిలోనే ఉంది. నేను రోజూ వెళ్లాను. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మాకు పిల్లలు లేరు. కర్మ నేనే చేశాను. చేసేవాడి దగ్గర పది రోజులూ ఏదో ఒక ఇనుప వస్తువు ఉండాలి. చాకు అయితే మంచిదని పురోహితుడు అన్నాడు. ఆ మాట విని మా బావమరిది, ఆమె తమ్ముడు, లోపలికి వెళ్లి ఆమె చేతిసంచి వెతికి వచ్చాడు.

"మా నాన్న చాకు అక్క దగ్గరే ఉండాల గదా బావా. ఏదీ?"

"విమానం దగ్గర తీసుకున్నారు. కాశీ ఎల్లినప్పుడు."

"అదేటి, మా గుంట ముందే ఫోన్ సేసి సెప్పింది గదా అత్తకి!"

"సెప్పింది. మీ అక్క మర్సిపోయి సంచిలో పెట్టీసింది."

"అక్క అలగ మర్సిపోయే మనిసి కాదే" అన్నాడు. అని, నా మొహం చూసి, అది దుఃఖమనుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోన్లే బావా. పోయిందేదో పోయింది."

ఇంట్లో ఇంకో చాకు లేదు. కూరగాయలకు కత్తిపీటే. చివరికి ఆ పనిముట్టునే పది రోజులు పంచె మడతలో పెట్టుకు తిరిగాను. కూర్చున్నప్పుడల్లా నడుముకు గుచ్చుకునేది. పదో రోజు నదిలో స్నానం చేసి వచ్చాక దాన్ని వంటింటి సొరుగులో పెట్టేశాను.

బావమరిది నెలకోసారి వస్తాడు. మంచివాడు. రాగానే సామాను సంచి బల్ల మీద పెట్టి, ఏటి తిన్నావు బావా అని అడుగుతాడు. అతనికి చెబుదామని మూడుసార్లు అనుకున్నాను. నోటితో చెప్పలేనని తేలిపోయింది కాబట్టి రాశాను. ఇది అచ్చయ్యాక అతనికి ఇస్తాను. చాకు సంచిలో పెట్టింది మీ అక్క కాదు, నేను. ఆమెకు ఆ రోజే తెలుసు. ఆమె అడిగినప్పుడు నాకు గుర్తుంది.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్నే. పండు కొయ్యాలంటే సొరుగులోంచి పనిముట్టు తీస్తాను, కోస్తాను, కడిగి మళ్లీ సొరుగులో పెట్టేస్తాను. మా ఇంట్లో చాకును బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇప్పుడు లేదు.